ఆముదం కోసం వచ్చిన దొర

ఆ రోజుల్లో ఆఫీసుకు వచ్చిన ఉత్తరం మొత్తం చదివే మనిషి ఒక్కరే ఉండేవారు, టైపిస్టు. ఆ మనిషి మాట మాత్రం ఎవరూ వినేవారు కాదు. అరవైల్లో నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద ఉన్న వ్యాపారుల సంఘంలో ఆ టైపిస్టును నేనే. కొత్తగా టైపు పరీక్ష ప్యాసయ్యాను. ఇంగ్లీషు అంతా నాకే వచ్చని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఎక్కడ బోర్లా పడిందో కాసేపట్లో చెబుతాను.) ఒకరోజు ఢిల్లీ నుంచి, యూరపులోని ఒక దేశపు రాయబార కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మన రెండు దేశాల మధ్య వ్యాపారం పెంచాలనుకుంటున్నాం, ఏం పెంచాలో సర్కారును కాక నేరుగా వ్యాపారులనే అడగాలని మా వాణిజ్య అధికారి మీ ఊరు వస్తున్నారు, మా కంపెనీలకు ఆముదం చాలా కావాలి కనుక ఆ వర్తకులను తప్పక పిలవండి అని దాని సారాంశం. ఆముదం అన్న మాట కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసి అధ్యక్షుల వారి బల్ల మీద పెట్టాను.

అధ్యక్షుల వారికి ఆబిడ్స్‌లో పెద్ద బట్టల దుకాణం. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఉత్తరం చదవడమంటే ఆయన లెక్కలో పైన ఉన్న ముద్ర చూడడం. బంగారు రంగు ముద్రను వేలితో తడిమి, "రాయబారి ఆఫీసంటే మాటలా! మంచి మంచోళ్లను పిలవాలె" అని ముత్యాలవాళ్లూ, బిద్రీ సామానువాళ్లూ, పట్టుచీరలవాళ్లూ అంటూ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.

"సార్, ఆముదం వాళ్లను పిలవమన్నారు" అన్నాను.

"ఏంది, ఆముదమా? దొర ముంగట ఆముదం పెడితే మన ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు జర సమోసాల సంగతి చూడు."

సమోసాల సంగతి! ఒళ్లు మండిపోయింది. గీతలు గీసింది నేను, అర్థం చేసుకున్నది నేను, చివరికి నాకు దక్కింది సమోసాలు. ఆ సాయంత్రం ఇంటికి గౌలిగూడ వైపు వెళ్లకుండా నేరుగా ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. అక్కడ ఆముదం కాక, అంటే ఆముదం బాబాయి, అని అందరూ పిలిచే మా సంఘం సభ్యుడే ఒకాయన ఉండేవాడు. సొంత నూనె మిల్లు. మీటింగులకు వచ్చినా వెనక వరసలో కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా లేచిపోయేవాడు. మిల్లు ఏడాదిలో సగం రోజులు ఊరికే పడి ఉండేది. ఉత్తరం సంగతి చెప్పాను.

"మంచిగనే ఉంది గని, నన్నెవరు పిలిచిన్రు బిడ్డా?" అన్నాడు.

"ఉత్తరం పిలిచింది కాకా. నువ్వు రా, అంతే."

ఆబిడ్స్‌లో ఒక హోటలు హాలులో సభ. దొర పొడుగ్గా, ఓపిగ్గా, చేతిలో నోటుపుస్తకంతో కూర్చున్నాడు. మావాళ్లు ఒక్కొక్కరూ లేచి తమ తాతల వైభవం వర్ణించారు. వ్యాపారం పెంచడానికి మీకు ఏం అడ్డొస్తోంది అని అతను అడిగితే, "నో ప్రాబ్లం సార్, ఆల్ హ్యాపీ" అన్నారు. (అదే మనుషులు మా ఆఫీసుకొచ్చి పర్మిట్లు రావడం లేదనీ, రైలు వ్యాగన్లు దొరకవనీ నా చేత పేజీలకు పేజీల అర్జీలు కొట్టించేవారు!) వెండి నగిషీ చెక్కిన బిద్రీ పూలకూజా బహూకరించారు. దొర దాన్ని పక్కన పెట్టి, మర్యాదగా, "క్యాస్టర్ ఆయిల్?" అన్నాడు.

అధ్యక్షుల వారు పక్కాయన చెవిలో, "పాపం, నీళ్లు పడనట్టుంది, కడుపు బిగుసుకున్నది" అని, బంట్రోతును మొజంజాహీ మార్కెట్ దగ్గరి మందుల దుకాణానికి పరుగెత్తించారు. పది నిమిషాల్లో పళ్లెంలో సీసా, పక్కన చెంచా వచ్చాయి. దొర సీసా మూత తీసి వాసన చూశాడు, వెలుతురులోకి ఎత్తి చూశాడు, తృప్తిగా తలాడించి, "ఎన్ని టన్నులు?" అని అడిగాడు.

"టన్నులా!" అధ్యక్షుల వారి మొహం పాలిపోయింది. "నో, నో సార్! వన్ స్పూన్ ఎనఫ్!"

ఇక నేను లేచి నిలబడ్డాను. గొంతు కోపంతో ఖంగుమంది. ఉత్తరంలో ఉన్నది చదివి వినిపించి, వెనక వరసలోంచి ఆముదం కాకను ముందుకు పిలిచాను. దొర అడిగేది తెలుగులో, కాక చెప్పేది ఇంగ్లీషులో నేనే చెబుతున్నాను. గింజలు పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వస్తాయనీ, మంచి పీపాలు దొరక్క నూనె అంతా బొంబాయి దళారుల పేరుతో పోతోందనీ కాక చెబుతుంటే దొర గబగబా రాసుకున్నాడు. నా గొంతు ఇంకాస్త పెరిగింది. అప్పుడు దొర, "ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఎంత?" అన్నాడు.

అందులో నాకు తెలిసిన మాట 'ఫ్రీ' ఒక్కటే. "ఊరికే ఎంత ఇస్తావని అడుగుతున్నాడు కాకా" అన్నాను.

కాక కండువా దులిపి లేచాడు. "ఏందీ, ఊరికెనా? గంత దూరంకెళ్లి గిదడగనీకి వచ్చిండా? మా మిల్లేమన్న ధర్మసత్రమా? చెప్పు బిడ్డా, చుక్క గూడ ఇయ్య!"

అంత మాట యథాతథంగా ఇంగ్లీషులో చెప్పేశాను. దొర తెల్లబోయాడు. అధ్యక్షుల వారు మాత్రం "నేను ముందే చెప్పిన" అన్నట్టు చుట్టూ చూశారు. దొర కాసేపు ఆలోచించి, వేలు నాలికకు ఆనించినట్టు చేసి, చింతకాయ కొరికినవాడిలా మొహం ముడుచుకున్నాడు. కాక చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"ఓ, పులుపా! నూనె పులుపెక్కిందా, లేదా అంటున్నడు. దానికి ఊరికె అంటవేంది బిడ్డా!" అని చొక్కా జేబులోంచి నూనె పరీక్ష చేయించిన కాగితం తీసిచ్చాడు. దొర చదివి, లేచి, కాక చెయ్యి పట్టుకుని ఊపాడు.

మర్నాడు అధ్యక్షుల వారు నా చేత సభ నివేదిక టైపు చేయించారు. "అధ్యక్షుల వారు ముందుచూపుతో ఆముదం ప్రస్తావన తెచ్చారు" అని చెప్పారు. (తెచ్చారు, నిజమే, సీసాలో!) నా వేళ్లు ఆగిపోయాయి. రాత్రంతా మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి కక్కేశాను. ఉత్తరం చదివింది నేను, కాకను పిలిచింది నేను, మాట్లాడింది నేను, నా పేరు ఉండి తీరాలి అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

అధ్యక్షుల వారు కళ్లజోడు సవరించుకుని, "ఔ, రాసుకోమ్మా. నేనేమన్న వద్దన్ననా?" అన్నారు.

పోట్లాడడానికి వచ్చిన నాకు ఎదుటి మనిషే లేకుండా పోయాడు. 'దుభాషి' అని కొట్టి, పక్కన నా పేరు మొదటి అక్షరం కొట్టాను. నా 'ఊరికే' విని కాక కండువా దులపడం కళ్లముందు కదిలి, సిగ్గేసింది. కాగితం లాగేసి, కొత్తది ఎక్కించి, నా పేరు లేకుండానే కొట్టి ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు.

ఏడాది తిరక్కుండానే కాక నూనె సొంత పేరుతో ఓడెక్కింది. సంఘం నివేదికలో మాత్రం నా పేరు ఈనాటికీ లేదు. ఆనాటి నా కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. ఆ సిగ్గే అక్కర్లేనిది. ఇప్పుడు అప్పటి ఆ టైపిస్టు పిల్ల ఎదురుపడితే చెవి పట్టుకుని మిషను ముందు మళ్లీ కూర్చోబెట్టి, "రాయవే నీ పేరు, తప్పుతో సహా రాయి" అని చెబుతాను. నా మాట వింటుందని మాత్రం నమ్మకం లేదు. అది అప్పట్లో ఎవరి మాటా వినేది కాదు.