రెండు 'చ'లు

డెబ్బైల చివర, అక్టోబరు నెల. లేహ్‌లో విమానం దిగి నాలుగడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది. ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్ళు, కోటు మీద కోటు. టెంటులో కిరోసిన్ పొయ్యి. చుట్టూ చెట్టన్నది లేదు.

మాకు పడిన డ్యూటీ తుపాకీది కాదు, అక్షరాలది. టిబెటన్ లిపి నేర్చుకోవాలి. శనివారం పరీక్ష. పాసైనవాళ్ళు సరిహద్దు పోస్టులో, అవతలి మాటలు విని రాసుకునే రేడియో సెట్టు దగ్గర కూర్చుంటారు. తప్పినవాళ్ళు రాళ్ళు మోస్తారు. సుబేదారు నా వైపు చూసి, "మదరాసీ, నువ్వు రాళ్ళకే" అన్నాడు. వింధ్యకు ఇవతల పుట్టినవాళ్ళందరికీ అక్కడ అదే పేరు. నాకు ఒళ్ళు మండింది. సెట్టు దగ్గరే కూర్చోవాలని పంతం పట్టాను.

మాస్టారు టిబెట్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన పలికేవారు, మేం రాసేవాళ్ళం. క, ఖ, గ సులువే. మనం బళ్ళో కంఠస్థం పట్టి ఎన్నడూ వాడని ఙ అంటే వాళ్ళకు 'నేను' అని అర్థం! ప్రతి అక్షరం కిందా తెలుగు అక్షరం రాసుకుంటూ పోయాను. ఇక మనకు తిరుగులేదనుకున్నాను.

శుక్రవారం మాస్టారు ఉత్తుత్తి పరీక్ష పెడితే బోల్తా పడ్డాను. వాళ్ళకు 'చ' ఒకటుంది. దాని కుడి భుజానికి కొక్కెం తగిలిస్తే వేరే అక్షరం. రెండింటి కిందా నేను 'చ' అనే రాసుకున్నాను. ఏది ఎక్కడ రాయాలో తెలియలేదు. సుబేదారు పగలబడి నవ్వాడు.

భోజనాల దగ్గర మా రేడియో ఆపరేటరు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనది నంద్యాల.

"ఏందప్పా, మొగం అట్ల పెట్టినావ్?"

"రెండూ 'చ' మాదిరే ఉండాయన్నా."

"మన రాతలో ఒగటే. నోట్లో గాదు. చలి అను. ఇప్పుడు చీమ అను. నాలిక యాడ తగుల్తాంది?"

అని చూశాను. చలికి నాలుక పళ్ళ వెనక తగిలింది, చీమకు అంగిలికి తగిలింది. చీమది కొక్కెం లేని అక్షరం, చలిది కొక్కెం ఉన్నది. జీలకర్ర, జొన్న కూడా అంతే. పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నదే, ఎన్నడూ గమనించలేదు.

శనివారం ముప్పై అక్షరాలూ తప్పు లేకుండా రాశాను. మిగతావాళ్ళలో చాలామంది ఆ కొక్కెం దగ్గరే తప్పారు. "మదరాసీ ఫస్ట్" అని సుబేదారే చదవాల్సి వచ్చింది. నాకు గంతులెయ్యాలనిపించింది. మాస్టారు తప్పినవాళ్ళకు మరో అవకాశం ఇచ్చి, వాళ్ళను నాకే అప్పగించారు.

సెట్టు దగ్గర రెండు చలికాలాలు కూర్చుని, నంద్యాలలో రైలు దిగి, బస్సెక్కి ఆళ్లగడ్డ చేరాను.

"ఆడ ఏం పని చేసినావ్‌రా?" అన్నాడు నాయన.

"పలకడం నేర్పినా నాయనా."

ఆయన నమ్మలేదు.

ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది. మంచులో వరసగా నిలబడిన పంజాబీలు, బీహారీలు. వాళ్ళు సరిగా పలుకుతున్నారో లేదో చూద్దామని వచ్చి, తానూ వరసలో చేరిన మీసాల సుబేదారు. నేను చెయ్యెత్తగానే అందరూ నోళ్ళలోంచి ఆవిర్లు వదులుతూ, ఒక్క గొంతుతో, "చలి! చలి! చలి!"