నంబరు వేయని రాయి

2023 ఫిబ్రవరి. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న మ్యూజియంలో నేను అసిస్టెంట్ క్యూరేటర్‌ని. క్యూరేటర్ అంటే వస్తువులను సేకరించి, వివరాలు రాసి, పాడవకుండా చూసుకునే మనిషి. మా మ్యూజియం ప్రభుత్వానిది కాదు, ఒక కమిటీ నడుపుతుంది. అడవి పల్లెల చరిత్రను కాపాడటం తన ధ్యేయమని గేటు పక్కన పెద్ద అక్షరాలతో రాయించుకుంది. లోపల డోళ్ళు, విల్లంబులు, ఆనపకాయ బుర్రలు, ఇత్తడి గంటలు, అడవిదున్న కొమ్ములు అమర్చిన తలపాగాలు ఉంటాయి. ముఖ్య అతిథులు వచ్చినప్పుడు ఆ తలపాగా తీసి వాళ్ళ నెత్తిన పెట్టి ఫొటో తీయించడం మా ఆనవాయితీ. అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో ఇంతవరకూ ఒక్క అతిథీ అడగలేదు.

ఆవరణలో మనిషి ఎత్తును మించిన రాయి ఒకటి ఉంది. సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి దాని ముందు లేబుల్ పెట్టారు. "నిలువురాయి. బృహత్ శిలాయుగం. సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది. టేకులపల్లి ప్రాంతంలో రోడ్డు పనుల్లో లభ్యం." నేను చేరేనాటికే అది అక్కడ ఉంది. దానికి అక్సెషన్ నంబర్ కూడా ఉంది. ఒక వస్తువు మ్యూజియం సొంతమైందని రిజిస్టర్‌లో రాసి ఇచ్చే నంబర్ అది. నంబర్ పడ్డాక ఆ వస్తువును బయటికి పంపడం చాలా కష్టం.

మా ప్రాంతంలో అంత పాత రాళ్ళు నిజంగానే ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళు అంటారు. అదే అడవిలో కోయ కుటుంబాలు చనిపోయిన తమ పెద్దలకు ఈనాటికీ రాయి నిలబెడుతున్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జేసీబీ ఒక గూడెం పక్కన వరసగా ఉన్న రాళ్ళను పెకలించింది. చాలావాటిని పగలగొట్టి రోడ్డు కిందే పరిచారు. అన్నిటికన్నా ఎత్తయినదాన్ని కాంట్రాక్టరు మాకు ఇచ్చాడు. మా కమిటీ సెక్రటరీ చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్. ఆయన దాన్ని చూసి శిలాయుగం అన్నారు. అంతటితో అది శిలాయుగపు రాయి అయిపోయింది.

ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మిర్చి ఏరడానికి వెళ్తున్న ఆడవాళ్ళ ఆటో నీళ్ళ కోసం మా గేటు దగ్గర ఆగింది. వాళ్ళలో ఒకామె సీసా కింద పెట్టి, టికెట్ కౌంటర్ దాటి నేరుగా రాయి దగ్గరికి నడిచింది. చెయ్యి దాని మీద పెట్టి అలాగే నిలబడింది. వాచ్‌మన్ అరుస్తుంటే నేను బయటికి వచ్చాను.

"ఏందమ్మా, బోర్డు చూడలే? ముట్టుకోవద్దని లేదా?" అంటున్నాడు వాచ్‌మన్.

"నాకు చదువు రాదయ్యా. మా నాయనను గుర్తువట్టనీకి చదువెందుకు?"

ఆమె పేరు ముత్తమ్మ. లేబుల్‌లో ఏముందని అడిగితే చదివి వినిపించాను.

"రెండు వేల ఏండ్లా? మా నాయన నా పెండ్లికి ముందు పోయిండు సారు. అయితే నాకెంత వయసుండాలె మరి?" అని ఆటోలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇంటున్నరానే? నేను ముసలిదాన్నంట!"

వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. రాయి ఎడమ అంచున ముక్క లేచిన చోట బొటనవేలు పెట్టి చూపించింది. నిలబెట్టేటప్పుడు గడ్డపార జారి లేచిన ముక్కట. ఊరి రాళ్ళన్నీ రోడ్డు కిందికి పోయాయని ఇన్నాళ్ళూ అనుకుందట. పుష్యమాసంలో ఆమె తల్లి చనిపోయింది. తొలకరిలోపు ఆమెకు రాయి నిలబెట్టాలి. భర్త రాయి పక్కనే భార్య రాయి ఉండాలి.

"వాగు పక్కన కొత్త జాగా చూసినం సారు. నాయనను ఇయ్యుండ్రి, తీస్కపోతం. అమ్మ ఒక్కతే ఎట్ల నిలవడ్తది?"

నా భార్య పోయి అప్పటికి ఏడాది. ఆమె బూడిద గోదావరిలో కలిసింది. చెయ్యి ఆనించడానికి నాకు ఒక చోటంటూ లేదు. ముత్తమ్మను ఆ చెయ్యి తీయమని నేను అనలేదు.

మర్నాడు సెక్రటరీ గారికి అంతా చెప్పాను. డీ-అక్సెషన్ చేద్దామన్నాను. పొరపాటున చేరినదాన్ని రిజిస్టర్ నుంచి తీసేసి అసలువాళ్ళకు ఇచ్చే పద్ధతి అది. అన్ని మ్యూజియాల్లోనూ ఉన్నదే.

"సెంటిమెంట్లతో మ్యూజియం నడవదండీ. ఈమెకు రాయి ఇస్తే రేపు ఇంకొకడు వచ్చి డోలు మా తాతది అంటాడు."

"తాతదే అయ్యుండొచ్చు కదండీ."

ఆయన అప్పుడు అసలు మాట బయటపెట్టారు. "ఇచ్చేస్తే మనం పెట్టిన లేబుల్ తప్పని మనమే ఒప్పుకున్నట్టు కాదా? మన బ్రోషర్ మీద ఉన్నది ఆ రాయే."

ఒక మనిషి తల్లి రాయి ఒంటరిగా నిలబడాలి. ఎందుకంటే ఇంకొక మనిషి తన పొరపాటును అచ్చు వేయించుకున్నాడు. విషయం అంతే. దీనికి నియమాలు, కమిటీలు, సంరక్షణ అని పేర్లు పెట్టడం తర్వాత జరిగింది.

ముత్తమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళ చిన్నాయన రామయ్యను వెంటబెట్టుకొచ్చింది. రాయిని వాగు నుంచి మోసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. సెక్రటరీ గారి గదిలో ఆయనకు కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మా అన్న రాయే సారు. నేనే మోసిన. గా ముక్క లేసినప్పుడు నా కాలు మీదనే వడ్డది." పంచె పైకి లాగి చీలమండ మీది మచ్చ చూపించాడు.

"అది కాదు పెద్దాయనా. కాగితం ఏదైనా ఉందా? మరణ ధ్రువపత్రం లాంటిది? పంచాయతీ తీర్మానం?" అన్నారు సెక్రటరీ గారు.

"రాయి నిలవెట్టిన్నాడు మాకు రశీదు ఎవరిచ్చిండ్రు సారు?" అన్నాడు రామయ్య. "మీరు దీన్ని తెచ్చిన్నాడు మాకేమన్న రశీదు ఇచ్చిండ్రా?"

సెక్రటరీ గారు కమిటీ మీటింగ్‌లో పెడతామన్నారు. ఒక మీటింగ్ సభ్యులు చాలక వాయిదా పడింది. ఆ తర్వాతిదానికి సభ్యులు వచ్చారు కానీ ఈ విషయం ఎజెండాలో లేదు. నిపుణుడి అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నామని చెప్పారు. నిపుణుడికి ఎవరూ కబురు చేయలేదని నాకు తెలుసు. ఆ ఉత్తరాలు రాయాల్సినవాణ్ణి నేనే. రాస్తానంటే ఆగమన్నారు.

ఎండలు ముదిరి, ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది. ఒక ఉదయం గేటు బయట డోలు మోగింది. వెళ్ళి చూస్తే ట్రాక్టరు, దాని చుట్టూ గూడెం జనం. ట్రాలీలో గడ్డి మీద పొడవాటి రాయి పడుకోబెట్టి ఉంది. తండ్రి రాయి కంటే కొంచెం పొట్టిది. ముత్తమ్మ ముందుకొచ్చింది.

"నాయనను ఇయ్యనంటిరి. గందుకని అమ్మనే తోల్కొచ్చినం."

వాచ్‌మన్ నా మొహం చూశాడు. గేటు తాళంచెవి నా జేబులోనే ఉంది. తాళం తీశాను.

మగవాళ్ళు తండ్రి రాయి పక్కనే గొయ్యి తవ్వారు. రామయ్య మచ్చ ఉన్న కాలు పక్కకు చాపుకుని కూర్చుని కేకలు వేస్తున్నాడు. "ఒరేయ్, కుడికి! కుడికిరా! ఆమె బతికున్నప్పుడు గిట్ల ఒంగి నడిచిందారా?" రాయి నిటారుగా నిలిచింది. దాని మొదలు దగ్గర ఇప్పసారా పోశారు. రెండు రాళ్ళకూ వాళ్ళ ఆచారం ప్రకారం పోయినవాళ్ళ పేరిట ఎద్దుతోక కట్టారు. ముత్తమ్మ రెండింటి మధ్య కూర్చుని గట్టిగా ఏడ్చింది. పర్ణశాల నుంచి తిరిగొస్తున్న యాత్రికులు గోడ అవతల నిలబడి ఫోన్లు పైకెత్తారు. "ఏం ప్రోగ్రామండీ ఇది?" అని ఒకాయన నన్ను అడిగాడు. అంత్యక్రియలు అన్నాను. ఆయన ఫోన్ దించలేదు.

వెళ్ళేటప్పుడు ముత్తమ్మ ఒక్కటే అడిగింది. "సారు, అమ్మకు బోర్డు వెట్టకుండ్రి. నంబరు ఎయ్యకుండ్రి."

సాయంత్రం సెక్రటరీ గారు వచ్చారు. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన రాళ్ళ చుట్టూ తిరిగి చూసి సంతోషించారు. "బ్రహ్మాండంగా ఉందండీ. సజీవ సంప్రదాయం! ఇది మనకు ప్లస్. రేపే అక్సెషన్ చేసేయండి, డొనేషన్ అని రాయండి."

"ఇది ఎవరూ మనకు ఇవ్వలేదండీ."

"మన కాంపౌండ్‌లో ఉంటే మనదే కదా?"

తండ్రిని ఇవ్వమంటే కాగితం కావాలన్న మనిషికి, తల్లిని తీసుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. నంబరు వేయనని రాతపూర్వకంగా ఇచ్చాను. మెమో వచ్చింది. దానికీ జవాబిచ్చాను. ఇంతవరకూ ఆ రాయికి నంబరు లేదు. మొదటి రాయి ముందున్న లేబుల్ మాత్రం మార్చనివ్వలేదు. పక్కపక్కన నిలబడిన భార్యాభర్తల్లో ఒకరు శిలాయుగం మనిషి, ఇంకొకరు మొన్నటి మనిషి.

ముత్తమ్మ మిర్చి పనులకు వచ్చినప్పుడల్లా వస్తుంది. కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి ఆమెను టికెట్ అడిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నియమం అలాగే ఉంది. అమ్మానాన్నల్ని చూడటానికి టికెట్ తీసుకోమనే నియమాన్ని రాసినవాళ్ళు మాత్రం ఆ క్యూలో ఎప్పుడూ నిలబడలేదు. ఇప్పుడు ఆమె వస్తే పక్క గేటు నేనే తీస్తున్నాను.

ప్రొవెనెన్స్ అని మా పనిలో ఒక మాట ఉంది. వస్తువు ఎక్కడిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనే వివరం. రిజిస్టర్‌లో ఆ గడిలో మావాళ్ళు "రోడ్డు పనుల్లో లభ్యం" అని రాసి ఊరుకున్నారు. లభ్యం అని రాసే ముందు అది ఎవరి దగ్గర్నుంచి పోయిందో కనుక్కోవాలని ఈ కేసు నాకు నేర్పింది. అది కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. రోడ్డు దిగి ఆ గూడెంలో ఎవరినైనా అడిగితే చాలు. నేను తర్వాత వెళ్ళి చూశాను. రాయి తీసిన చోట నిలబడితే ముత్తమ్మ ఇంటి గుమ్మం కనిపిస్తుంది.