ఇంజను లేని బండి, అవ్వ ప్రార్థన

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా డిపోలో కుర్రవాళ్ళు నవ్వుతారు. "అక్కా, నీకు అప్పుడే 'ఆ రోజులు' వచ్చాయా?" అంటారు. నిజమే, నేను చెప్పబోయేది తాతల కాలం ముచ్చట కాదు. నంద్యాల పట్టాల మీదికి కరెంటు తీగలొచ్చి, స్తంభాలకు ఇంకా రంగు వాసన పోని రోజుల సంగతి. ఈ మధ్య మా పట్నం లోకల్ లైనులోకి కొత్త కరెంటు బండ్లు దించారు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, వచ్చే స్టేషను పేరు అదే చెబుతుంది, లోపల చల్లగాలి. మొదటి రోజు ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన నా కిటికీ దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "ఇంజను ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగాడు. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. ఆయన నొచ్చుకున్నాడు కూడా. ఆయనకేం తెలుసు, ఆ ప్రశ్న ఒకప్పుడు నా ఉద్యోగాన్ని ఊడబెరికినంత పని చేసిందని.

మాది ఆళ్లగడ్డ. నాయన శనగ, వరి పండించే రైతు. అమ్మ టీచరు, పెద్దమ్మ టీచరు, చిన్నమ్మలిద్దరూ టీచర్లు. మా ఇంట్లో ఆడపిల్ల పుడితే ఊయలలో గిలక్కాయకు బదులు సుద్దముక్క పెడతారేమోనని నాకు ఎప్పుడూ అనుమానమే. అలాంటి ఇంట్లో పుట్టి నేను రైల్వే పరీక్ష రాశాను, పాసయ్యాను, శిక్షణ ముగించి అసిస్టెంటు డ్రైవరుగా నంద్యాలకు వచ్చాను. (శిక్షణంతా అమ్మ మద్దతుతో, నాయన మౌనంతో గడిచింది.) తీరా డ్యూటీ ఎక్కే ముందు నాయన నోరు తెరిచాడు.

"తెల్లారకముందే మబ్బులో పోయేది, పొద్దుగూకినాక మబ్బులో వచ్చేది. ఆడపిల్లకు ఇదేం పని పాపా? గమ్మున బీఎడ్ చదువుకో."

అప్పుడు నన్ను కాపాడింది మా అవ్వ, నాయన్ను కన్నతల్లి. "ఒగసారి సూసి చెప్పు రా. సూడకనే వద్దనేది ఏం న్యాయం?" అంది. నాయన కాసేపు మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "సరే. మొదటిరోజు సాగనంపేదానికి మేమొస్తాం. కుదుపు లేకుండా తోల్తే చేసుకో. మీ అవ్వ తలకాయ మళ్ల కిటికీకి కొట్టుకుంటే మాత్రం, ఆ పొద్దే మాతో ఆటోలో ఇంటికి రావాల."

ఆ 'మళ్ల' వెనక కథ ఉంది. అవ్వ ఒకప్పుడు పాత పాసింజరు బండిలో కూర్చుని ఉండగా ఇంజను వచ్చి తగిలిన కుదుపుకు నుదురు కిటికీ కమ్మీకి కొట్టుకుని బొప్పి కట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో రైలును కొలిచే కొలత అదొక్కటే. రైల్వే వాళ్ళు నా కళ్ళు, చెవులు, గుండె, బుర్ర అన్నీ పరీక్షించి సరేనన్నారు. ఇప్పుడు అసలు పరీక్ష మా అవ్వ నుదుటి మీదికి వచ్చింది.

ఆ రోజు నంద్యాలలో కొత్త బండికి మొదటి ప్రయాణం. పట్నాల్లో లోకల్‌గా తిరిగే రకం బండి. రోజూ పనులకు పోయి వచ్చేవాళ్ళ కోసం మా వైపు కూడా వేశారు. ముందూ వెనకా బంతిపూల దండలు వేశారు, టెంకాయ కొట్టారు. శిరివెళ్ల మీదుగా ఆటోలో మా వాళ్ళు ముగ్గురూ దిగారు. అమ్మ చేతిలో క్యారియరు, అందులో ఉగ్గాని, బజ్జీలు. అవ్వ చంకలో బైబిలు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు, మొహంలో నవ్వు లేదు. ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొన్నాడు. బండి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాడు.

"ఇంజను యాడుండాది పాపా?"

"ఇంజనుండదు నాయనా. మోటార్లు పెట్టెల కిందనే ఉంటాయి."

"ఇంజనే లేదా?"

"లేదు."

"మరి నువ్వేం తోల్తావ్?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగలేదు. ముందున్న డ్రైవరు గది చూపించాను. అచ్చం అలాంటిదే వెనక కూడా ఉందని నాయన అప్పటికే చూసి వచ్చాడు. "ఆడ కూర్చున్నోడు అటు తోలితే?" అన్నాడు. అవ్వ అటూ ఇటూ దండలు చూసి, "తల ఏదో తోక ఏదో తెలీకుండా ఉండాదే" అంది. నాకు జవాబులన్నీ తెలుసు, చెప్పే వ్యవధే దొరకలేదు. మా డ్రైవరు గారు గదిలోంచి తల బయటపెట్టి మమ్మల్ని చూసి "ఊ" అన్నారు. (ఆయన ఎవరితోనైనా, దేనికైనా "ఊ" అనే అంటారు. డిపోలో అందరూ ఆయన్ను ఊ సారు అనే పిలుస్తారు.) ఆ "ఊ" విని నాయన మొహం ఇంకా ముడుచుకుంది.

"మీరు ప్లాట్‌ఫారం మీద ఈడ, ముందర నిలబడండి. బండి కదిలేటప్పుడు నేను జెండా చూపిస్తా, చూద్దురు" అని మరీ మరీ చెప్పాను. కానీ మా వైపు సాగనంపే పద్ధతి ఒకటుంది. సాగనంపడానికి వచ్చినవాళ్ళు కింద నిలబడరు. పెట్టె ఎక్కుతారు, కిటికీ పక్కన కూర్చుంటారు, తినేది తింటారు, చెప్పేది చెబుతారు. ఎప్పుడో ఇంజను వచ్చి ధడామని తగులుతుంది. అప్పుడు పిల్లల్ని లెక్క చూసుకుని, కళ్ళు తుడుచుకుని, తాపీగా దిగుతారు. ఆ ధడామే మా ఊళ్ళ గడియారం. అవ్వ మూడో పెట్టె ఎక్కి కూర్చుంది. "ప్రార్థన చేసి దిగుతాంలే. ఇంజనే తగల్లేదు గదా, ఏం తొందర? నువ్వు పో" అంది.

అవ్వ ప్రార్థన గురించి ఆళ్లగడ్డలో తెలియని వాళ్ళు లేరు. అన్నం ముందు చేస్తే అన్నం చల్లారిపోతుంది. పండగనాడు మా చర్చిలో ఆమెకు ప్రార్థన అప్పజెప్పకుండా పాస్టరుగారే ఉపాయంగా తప్పించుకుంటాడు. అందరి పేర్లూ వస్తాయి, పక్కింటి పాడి ఎనుము ఈత వస్తుంది, వాన వస్తుంది, కలెక్టరు ఆరోగ్యం వస్తుంది. ఆమె కళ్ళు తెరిచేదాకా ఇంట్లో ఇంకెవరూ తెరవకూడదు, మధ్యలో మాట్లాడటం అసలే లేదు. ఇదంతా తెలిసి కూడా నేను గదిలోకి పరుగెత్తాను. వేరే దారి లేదు, టైమైపోయింది.

సిగ్నలు పచ్చబడింది. ఊ సారు కూత వేశారు. వెనక గార్డు పచ్చజెండా ఊపుతున్నాడో లేదో చూసి, నేనూ బదులు చూపించాలి. కిటికీలోంచి తల బయటపెట్టి జెండా చాపాను. గార్డు కనబడ్డాడు. టెంకాయ చిప్పలు ఏరుకునేవాళ్ళు కనబడ్డారు. నేను చెప్పిన చోట మాత్రం ఎవరూ లేరు. నాయన లేడు, అమ్మ లేదు, అవ్వ లేదు. బండి కదిలింది. కదిలినట్టు నాకే తెలియలేదు, స్తంభం వెనక్కి పోతుంటే తెలిసింది.

పోయాడు, నాయన కోపంతో పోయాడు అనుకున్నాను. ఇంజను లేని బండి చూసి, ఇదంతా మోసమని, అమ్మనూ అవ్వనూ లాక్కుని ఆటో ఎక్కేశాడు. సాయంత్రానికి చిన్నమ్మ బీఎడ్ కాలేజీలో మాట్లాడి పెడుతుంది. ఫోను చేద్దామంటే గదిలో ఫోను ఆపేసి పెట్టాలని రూలు. పైగా ఎదురయ్యే ప్రతి సిగ్నలునూ చూసి, దాని రంగు గట్టిగా పలకాలి. డ్రైవరు విని మళ్ళీ పలకాలి. "పచ్చ!" అన్నాను. ఏడుపు గొంతుతో వచ్చింది. ఊ సారు నా వైపు ఒకసారి చూసి "పచ్చ" అన్నారు. ఆయన నోట "ఊ" కాని మాట వచ్చేది సిగ్నలు దగ్గరే. పొలాలు పోతున్నాయి, గేట్లు పోతున్నాయి, కొత్త బండికి పిల్లలు చేతులూపుతున్నారు. నేను కూడా చెయ్యి ఊపాను, కళ్ళు మసకగా ఉన్నాయి. సుద్దపొడికి నాకు తుమ్ములొస్తాయన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి ఇంకా దిగులేసింది.

పాణ్యంలో బండి ఆగింది. వెనక్కి చూసి జెండా పట్టుకోబోతే మూడో పెట్టెలోంచి మొదట క్యారియరు దిగింది, తర్వాత అమ్మ, తర్వాత బైబిలుతో అవ్వ, చివర ఇస్త్రీ చొక్కా నలగని నాయన. ఒక్క క్షణం సంతోషంతో ఎగరబోయాను. మరుక్షణం ఆయన పెట్టిన షరతు గుర్తొచ్చింది. చేతిలో ప్లాట్‌ఫారం టిక్కెట్లతో పాణ్యం దాకా వచ్చిన మనిషి ఇప్పుడు నన్నేమంటాడు?

(జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. బండి కదిలేసరికి అవ్వ ప్రార్థన ఇంకా మా పెద్దమ్మ పిల్లల పేర్ల దగ్గరే ఉందట. టిక్కెట్లు చూసేవాడు వచ్చాడు. కళ్ళు మూసుకుని ఉన్న ముగ్గురినీ చూసి, ప్రార్థన అయ్యాక అడుగుదామని మర్యాదగా నిలబడ్డాడు. పాపం, నిలబడి నిలబడి, అవ్వ కరెంటు తీగల కోసం ప్రార్థించేసరికి ఓపిక అయిపోయి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.)

నాయన వేగంగా నడిచొచ్చి నా కిటికీ కింద నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. నేను దోషిలాగా తల దించుకున్నాను.

"బండి కదిలినట్లే తెలీలా" అన్నాడు. ఇంకో ఊపిరి తీసుకున్నాడు. "మీ అవ్వ కండ్లు గూడా తెరవలా."

తిట్టో మెప్పో నాకు అర్థం కాలేదు. అయినా నిజం చెప్పాలనిపించింది. "నాయనా, తోలింది నేను కాదు, సారు..." అంటుండగా వెనక నుంచి ఊ సారు ఉద్యోగంలో చేరాక మొదటిసారేమో అన్నట్టు నిండు వాక్యం పలికారు. "ముందు సిగ్నలు చూడమ్మా."

నాయన ఆయన వైపు చూసి తల ఊపాడు. తర్వాత నాతో, "సరే, నువ్వు పో. మేం బస్సుకు పోతాం" అన్నాడు. దూరం నుంచి అవ్వ, "ఆమేన్ చెప్పలేదే నువ్వు!" అని అరిచింది. "ఆమేన్!" అని నేనూ అరిచాను. బండి కదిలాక, 'పచ్చ' అని పలికాక తట్టింది నాకు. ఆటోలో ఇంటికి రా అనలేదు. నువ్వు పో అన్నాడు. (ఆటో అబ్బాయి మాత్రం నంద్యాల స్టేషను బయట మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటి ముందు మొహం తిప్పుకుని పోయాడు.)

అవ్వ ఇప్పుడు లేదు. ఊ సారు రిటైరయ్యారు. నేను డ్రైవరునై పట్నం లోకల్‌కు మారాను. కొత్త బండ్లు దిగాయని తెలిసి మొన్న నాయన చూడ్డానికి వచ్చాడు. తలుపు తానే మూసుకోవడం చూసి, "ఆ పొద్దు ఇట్ల తలుపు మూసుకోని ఉంటే మీ అవ్వ కండ్లు తెరిచేది" అన్నాడు. డ్యూటీ దిగాక ఇద్దరం టీ తాగుతుంటే అడగకుండానే చెప్పాడు.

"ఆ పొద్దు బండి కదిలింది నాకు తెలుసు పాపా. కండ్లు తెరిచి సూసినా. స్టేషను యెనక్కి పోతాండాది."

"మరి దిగలేదేం? అప్పటికింకా నిదానంగానే పోతుండె గదా."

"మళ్ల కండ్లు మూసుకున్నా."

"యాల నాయనా?"

"ప్రార్థన చేసినా. యాడా కుదుపు రాకూడదు ప్రభువా అని. కుదుపొస్తే నిన్ను ఇంటికి తోలుకోని పోవాల గదా. మాటంటినే."

ఆ రోజు ముందు గదిలో ఒక పిల్ల, ఖాళీ ప్లాట్‌ఫారం చూసి నాయన పోయాడని ఏడ్చుకుంటూ సిగ్నళ్ళు పలికింది. ఆ పిల్లకు వెనక మూడో పెట్టెలో ఏం జరుగుతోందో తెలిసి ఉంటే బాగుండేది. పిచ్చిమొహంది, జెండా తలకిందులుగా పట్టుకుందని కూడా తర్వాత గార్డు చెప్పాడు.

ఇప్పుడు తోలేది నేనే. అయినా బండి కదిలించే ముందు ప్రతిసారీ వెనక ఏదో పెట్టెలో అవ్వ కళ్ళు మూసుకుని కూర్చుందని, ఆమె పక్కన నాయన ఒక కన్ను తెరిచి చూస్తున్నాడని అనుకుంటాను. అలా అనుకుని, మెల్లగా కదిలిస్తాను.