బానెట్ మీద బొంత

ఈ వయసులో తెలుగు చదవడానికి మళ్లీ కాలేజీలో చేరాను. పొద్దున్నే క్లాసుకు వెళ్తుంటే, పొగమంచులో ఆగి ఉన్న లారీ నుంచి డీజిల్ వాసన వచ్చింది. తొంభైల్లో ఒమన్‌లో పెరిగిన నా ఈడువాళ్లకు ఒక సంగతి చెప్పాలనిపించింది. ఎడారి దేశంలో చలేమిటని నవ్వేవాళ్లకు జబల్ అఖ్దర్ కొండ మీది చలికాలం తెలియదు. పొద్దున బకెట్లో నీళ్లు గడ్డకట్టేవి, గుర్తుందా?

మా నాన్న, బాపు, అక్కడ కంపెనీ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. ఒక సాయంత్రం తమ్ముడికి జ్వరం ఎక్కువైంది. చీకట్లో ఆ ఘాట్ రోడ్డు దిగలేం. తెల్లవారగానే కొండ కింది దవాఖానకు తీసుకెళ్లాలి. ఉన్న బండి ఆ ట్యాంకర్ ఒక్కటే; రాత్రి చలికి ఇంజన్ బిగుసుకుపోతే పొద్దున స్టార్ట్ కాదు. బాపు ఇంజన్ చల్లారకముందే రేడియేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టాడు. అమ్మ పాతచీరలతో కుట్టిన బొంతను మా మంచం మీంచి తీసుకెళ్లి బానెట్ మీద కప్పి, పసిబిడ్డకు చేసినట్టు అంచులు దోపాడు.

"పిలగాడు వణుకుతుంటే బొంత బండికి కప్పుతున్నవా? అది నీ కొడుకా, వీడు నీ కొడుకా?" అంది అమ్మ.

"పొద్దుగాల అది లేస్తెనే వీడు దవాఖానకు పోతడు. ఇయ్యాల్టికి నా కోటు కప్పు," అన్నాడు బాపు.

తెల్లవారాక తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు మూలిగి, మూడోసారి అందుకుంది. బొంత తీయకుండానే కాసేపు అలా నడవనిచ్చాడు. మేము క్యాబిన్ ఎక్కాక దాన్ని తెచ్చి ముగ్గురికీ చుట్టాడు. అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వెచ్చగా ఉంది.

"డీజిల్ కంపు," అంది అమ్మ, దాన్ని గడ్డం దాకా లాక్కుంటూ.