మంత్రాల బడి సినిమాకి నా తెలుగు

ఇంగ్లీషు వచ్చని నలుగురూ అనుకుంటే చాలు, నిజంగా రావలసిన పనేమీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అరకు నుంచి జీపులో గంటసేపు లోపలికి వెళ్తే వచ్చే గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు ఇంగ్లీషు టీచరుగా చేరాను. వయసు ఇరవై మూడు. దూరవిద్యలో ఎమ్మే పూర్తిచేసి, విజయనగరం నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక లావుపాటి డిక్షనరీ, దానికంటే లావైన గర్వం వెంటబెట్టుకుని కొండెక్కాను. (డిక్షనరీ ఇంకా నా దగ్గరే ఉంది. గర్వాన్ని అక్కడే వదిలి వచ్చాను, ఎలా వదిలానో చెప్పడానికే ఇదంతా.) పక్కన డిక్షనరీ ఉంటే ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగేదాన్ని. ఎవరైనా మాట్లాడితే మాత్రం రేకుల మీద వాన పడుతున్నట్టు ఉండేది. అయితే మా పిల్లలకీ, వార్డెనమ్మకీ ఆ సంగతి తెలీదు. తెలియనివ్వలేదు కూడా.

అప్పుడప్పుడే హాస్టల్‌కి కలర్ టీవీ, సీడీ ప్లేయరూ వచ్చాయి. నేను మొట్టమొదట తెచ్చిన సినిమా మంత్రాలు నేర్చుకునే పిల్లలది, ఏదో లావుపాటి నవలని సినిమాగా తీశారు. తెలుగు డబ్బింగు. అందులో పిల్లలు కూడా మావాళ్లలాగే ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటారు, పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడతారు, దెబ్బలాడుకుంటారు, గొడుగులు విప్పి కొండల మీద ఎగురుతారు. మావాళ్లకి ఆ ఎగరడం ఒక్కటే తెలీదు కాబట్టి, అది కూడా నేర్చేసుకుందామని మర్నాడు వరండా గోడెక్కి దూకారు. మూడు గొడుగులు విరిగాయి, రెండు మోకాళ్లు కొట్టుకుపోయాయి. వార్డెనమ్మ నన్ను గదిలోకి పిలిచి, "ఇంకోపాలి సినిమా అన్నావంటే నీకూ ఓ గొడుగిచ్చి మేడెక్కించీగల్ను" అంది. అనగలిగే మనిషే, చేయగలిగే మనిషే.

అయినా రెండో భాగం తేవలసి వచ్చింది. కారణం ఎనిమిదో తరగతిలో ఉన్న ఒక గుంట (అక్కడ ఆడపిల్లని అలాగే అంటారు). ఏం చెప్పినా ఎందుకని అడిగేది కాబట్టి బడంతా ఆ పిల్లని ఎందుకమ్మ అనే పిలిచేది. ("పలకని అచ్చరాన్ని రాయడం ఎందుకు టీచర్?" అని ఓసారి అడిగింది. జవాబు నాకిప్పటికీ తెలీదు.) తల్లి లేదు, అమ్మమ్మే పెంచింది. క్వార్టర్లీ పరీక్షలకి వారం ముందు వాళ్ల నాన్న వచ్చాడు. పిల్లని చూడకుండా ఆఫీసు గది గుమ్మం దగ్గరే నిలబడి, నాకూ వార్డెనమ్మకీ చెప్పాడు. ముసలామెకి జ్వరం ముదిరితే కర్రలకి డోలీ కట్టి నలుగురూ మోసుకొస్తున్నారట, జీపులు తిరిగే రోడ్డు చేరకముందే దార్లోనే పోయిందట. "గుంటకి సెప్పకండి టీచరమ్మా. దాని పేణమంతా ఆల అమ్మమ్మే. ఇప్పుడు తెలిస్తే బడి ఒగ్గీసి వచ్చీస్తాది, మరి రాదు. పరీచ్చలయ్యాక నానే వచ్చి సెప్తాను" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. మేం సరేనన్నాం. నాన్న వచ్చి వెళ్లాడని తెలిసి సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మకేటయింది టీచర్?" అంది. కాస్త కళ్లు తిరిగి పడిపోయిందట, పెద్దాసుపత్రికి తీసుకెళ్లారన్నాను. ఎప్పుడూ లేనిది, ఆ పిల్ల ఎందుకని అడగలేదు. ఆ రోజు నుంచి పళ్లెంలో అన్నం పళ్లెంలోనే ఉంటోంది. దాని ధ్యాస ఎలాగైనా మళ్లించాలి, లేకపోతే మా నోటితోనే చెప్పేస్తామని మా ఇద్దరికీ భయం. నా బుర్రకి తట్టిన మందు సినిమా ఒక్కటే. ఈసారి వార్డెనమ్మ గొడుగు మాట ఎత్తలేదు.

సంత రోజున అరకు వెళ్లాను. సీడీలు అద్దెకిచ్చే కుర్రాడు, "రెండోది తెలుగులో రాలేదండి, ఇంగ్లీసుదే ఉంది. అయినా ఇంగ్లీసు టీచరు మీకు డబ్బింగెందుకండీ?" అన్నాడు. అంత మాట అన్నాక వెనక్కి తిరగడానికి మొహం చెల్లుతుందా? పైగా నాకొక ధైర్యం ఉంది. ఆ రెండో భాగం నవల స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, అరవై పేజీల దాకా చదివాను. మొత్తం ఐదొందల పేజీలు. మిగతాది చూస్తే తెలియదా ఏమిటి అనుకున్నాను.

ఆదివారం ఉప్మా తిన్నాక భోజనాల గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, నూరుమంది పిల్లల్ని కూచోబెట్టి, బెత్తం పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాను. అరవై పేజీల మేరకు నా అంత పండితురాలు ఆంధ్రదేశంలో లేదు. సినిమాలోవాళ్లు నోరు తెరవకముందే మాట చెప్పేస్తున్నాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని సినిమాకంటే నన్నే ఎక్కువ చూస్తున్నారు. అరగంటకి పేజీలు అయిపోయాయి, సినిమా అవలేదు. అదీకాక మొదటి దాంట్లో ఉన్న ఎండా, నవ్వులూ ఇందులో లేవు. అంతా మసక, పొగమంచు, మూసిన తలుపులు. నల్లకోటు వేసుకున్న పొడుగాటి మనిషొకడు మంత్రాల బడిలోకి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిగదికీ తిరుగుతూ బీరువాలు తెరిచి చూస్తున్నాడు. పెద్ద పంతుళ్లు కూడా గోడకి ఆనుకుని వణుకుతున్నారు. "ఎవరు టీచర్ అతను?" అన్నారు వెనక వరసలో. "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాడు" అన్నాను. గదంతా అర్థమైనట్టు తలూపింది. వార్డెనమ్మయితే చీర కొంగు సర్దుకుంది కూడా.

ఆ గండం గట్టెక్కాననుకున్నాను. ఇంతలో పిల్లలకి అన్నం పెట్టే ముసలావిడ, మొదటి భాగంలో అందరికీ జేబుల్లోంచి తాయిలాలు తీసి ఇచ్చినావిడ, ఆ నల్లకోటుకి అడ్డం నిలబడింది. అతని చేతిలోంచి ఒక వెలుగు వచ్చింది. ఆవిడ పడిపోయింది. మూడో వరసలో ఉన్న ఎందుకమ్మ వైపు చూశాను. దాని ధ్యాస మళ్లించడానికి నేను తెచ్చిన సినిమా ఇది! "ఏం కాలేదు, ఏం కాలేదు, కళ్లు తిరిగాయి. పొద్దుట్నుంచీ ఉపవాసం కదా" అన్నాను గబగబా. నలుగురు వచ్చి ఆవిడని బల్ల మీద పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, భుజాల మీదకి ఎత్తుకున్నారు. "అదిగో, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. అక్కడ రోడ్డు లేదు, అందుకని డోలీ" అన్నాను. రోడ్డు లేని ఊళ్ల పిల్లలు కాబట్టి ఇది మహా బాగా కుదిరిందనుకుని, లోపల్లోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎందుకమ్మ లేచి నిలబడింది.

"డోలీలో మొహం కప్పరు టీచర్, గాలాడదు."

"చలిదేశం కదమ్మా" అన్నాను.

"జబ్బు మనిషిని మోసేవోల్లు పరిగెడతారు. ఈల్లెందుకు నెమ్మదిగా నడుస్తన్నారు?"

ఆ పిల్ల టీవీని చూడ్డం మానేసి నన్నే చూసింది. "మా అమ్మమ్మని మోసినోల్లు పరిగెట్టారా టీచర్?" అంది.

వార్డెనమ్మ వైపు చూశాను. ఆవిడ తల దించుకుంది. ఇంకొక్క అబద్ధం ఆడితే సరిపోయేది, అలవాటు కూడా అయింది. కానీ ఆ కళ్ల ముందు ఆడలేకపోయాను. "సగం దారి దాకా పరిగెట్టారమ్మా. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగారు" అన్నాను. ఆ పిల్ల నిలబడినచోటే కూలబడి ఏడ్చింది. పక్కనున్న పిల్లలు ఏడ్చారు, వాళ్లని చూసి మిగతావాళ్లు ఏడ్చారు. కొందరు అమ్మమ్మ కోసం, కొందరు తాయిలాల ముసలావిడ కోసం. నేను మాత్రం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, అందరికంటే గట్టిగా ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే పిల్లని తీసుకుని బయల్దేరాను. దారి చీలేదాకా జీపు, అక్కణ్ణుంచి కాఫీ తోటల మధ్య గంట నడక. దారంతా నేను మాట్లాడలేదు. బతుకులో అంతసేపు నోరు మూసుకోవడం నాకదే మొదలు. వాళ్ల నాన్న చోడి (రాగి) చేలో ఉన్నాడు. మమ్మల్ని చూడగానే అర్థమైపోయింది. "సెప్పొద్దన్నాను కదా టీచరమ్మా" అన్నాడు. కోపం కంటే అది దెబ్బ తిన్న గొంతు. నేను తలెత్తలేకపోయాను. ఎందుకమ్మే నా ముందుకొచ్చి నిలబడింది. "టీచర్‌ని ఏటీ అనకు నాన్నా. నానే కనిపెట్టీసినాను. టీచర్‌కి అబద్దాలాడ్డం రాదు" అంది. (ఇంగ్లీషు రాదని కూడా అప్పటికే కనిపెట్టిందట, ఆ మాట మాత్రం అనలేదు, చల్లని తల్లి.) తర్వాత నాన్న దగ్గరికెళ్లి మెల్లగా, "పరిగెట్టారు కదా?" అని అడిగింది. "పరిగెట్టామమ్మా. ముందు కర్ర నాదే. కాల్లు సితికిపోయినా ఆగనేదు" అన్నాడతను. ఇద్దరూ ఆ చేలోనే కూచున్నారు. నేను కొంచెం దూరంగా వెళ్లి గట్టు మీద నిలబడ్డాను.

మరి రాదన్న పిల్ల, మూడోనాడు పరీక్ష గంట కొట్టకముందే వచ్చేసింది. నాన్నే దింపి వెళ్లాడు. పరీక్షలయ్యాక అందరూ ఆగిపోయిన సినిమా పెట్టమన్నారు. ఈసారి బెత్తం పట్టుకోలేదు. నాకు ఈ మాటలు అర్థం కావర్రా, మీకు తెలిసింది మీరే చెప్పండి అని పిల్లల మధ్యలో కూచున్నాను. వాళ్లే చెప్పారు. ఇన్‌స్పెక్షన్ అధికారిని మాత్రం ఎంత చెప్పినా మార్చనివ్వలేదు.

ఇది జరిగిన చాలా ఏళ్లకి, పర్మనెంటు ఉద్యోగంలో, చత్వారం కళ్లజోడుతో ఇంట్లో పెసలు ఏరుకుంటుంటే టీవీలో ఆ రెండో భాగం తెలుగులో వచ్చింది. చేట పక్కన పెట్టి కూచున్నాను. ముసలావిడ పడిపోయే చోటు వచ్చేసరికి, ఎట్టకేలకి అసలు మాటలేమిటో తెలుస్తాయి కదా అని సౌండు పెంచాను. ఆవిడ పడిపోయింది. నలుగురు వచ్చారు. గుడ్డ కప్పారు, ఎత్తుకున్నారు, నెమ్మదిగా నడిచారు. అంతసేపూ ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడలేదు. అక్కడ అనువాదం చేయడానికి ఏమీ లేదు. ఆ రోజు ఆ గదిలో, నూరుమంది పిల్లలు ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటే, మాట్లాడింది నేనొక్కదాన్నే.