చేతి వార్తలు ఆగిన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ టీవీకి అడ్డంగా నడవకూడదు. అది మా చెల్లె పెట్టిన చట్టం. పుట్టుకతోనే దానికి వినపడదు, మాట రాదు. వినపడనివాళ్ళ కోసం వారానికోసారి ఒకావిడ చేతులతో వార్తలు చెప్పేది. మాకు అవి సర్కారు టీవీ రెండో చానెల్లో వచ్చేవి. అంతసేపూ నేను కుట్టుమిషను ఆపాల్సిందే. దానికి మిషను చప్పుడు వినపడదు కదా అంటారేమో. నేల అదురుతుందట, కాళ్ళకు తెలుస్తుందట. పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్లు కుప్పపడి ఉండగా చేతులు ముడుచుకు కూర్చోవాలంటే నాకు ఒళ్ళు మండేది. మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చి, ఆ మిషను మీద బతుకుతున్నదాన్ని మరి.

రెండువేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి ఇది. మా పాత ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. ఆత్మకూరుకు ఇవతల సర్కారు చూపించిన రాళ్ళ నేల మీద కట్టుకున్న కాలనీలో ఉండేవాళ్ళం, అమ్మ, నేను, చెల్లె. కేబుల్ వైరు అంతదూరం రాలేదు. మిద్దె మీది అంటెనాకు వనపర్తి రిలే కేంద్రం నుంచి ఏది అందితే అదే మా టీవీ.

చెల్లెతో మాట్లాడటానికి మాకు ఇంటి సైగలు ఉండేవి. మీసం దువ్వితే చనిపోయిన నాన్న. స్టీరింగు తిప్పినట్టు చేస్తే సర్కారు, భూములు కొలవడానికి వచ్చినవాళ్ళు జీపులో వచ్చారు కాబట్టి. అరచేయి బోర్లించి నడుము దగ్గరి నుంచి గడ్డం దాకా లేపితే నీళ్ళలో మునిగిన ఊరు. ఇవన్నీ అది చిన్నప్పుడు తనే కల్పించుకుంది. గడప దాటితే ఈ సైగలు ఇంకెవరికీ తెలియవు. టీవీలో ఆవిడ సైగలు అలా కాదు. ఎన్నికలకు ఒక సైగ, భూకంపానికి ఒకటి, పెళ్ళికి ఒకటి. చెల్లె అవన్నీ నేర్చుకుని మాకు నేర్పబోయేది. కలుపు తీసి వచ్చిన అమ్మ, “నాకేడొస్తయే గవన్నీ, చేతులు గుంజుతున్నయి” అని గోడకు ఒరిగేది. చెల్లె కోపం తెచ్చుకునేది కాదు. ఎక్కడో తనలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు ఇలాగే మాట్లాడుకుంటారు, ఏదో ఒకనాడు వాళ్ళ దగ్గరికి పోతాను అని దాని నమ్మకం. ఆ నమ్మకానికి వారానికోసారి కనపడే ఆవిడ తప్ప ఇంకో ఆధారం లేదు.

ఒక ఆదివారం తెర నిండా చుక్కలు. చెల్లె మిద్దెక్కింది. వేరే ఇళ్ళలో అయితే మిద్దె మీదివాళ్ళు “వచ్చిందా?” అని అడుగుతారు, కిందివాళ్ళు “జర ఇటు తిప్పు” అంటారు. మా ఇంట్లో అది కుదరదు. అందుకని నేను ఒక పసుపు గుడ్డముక్క పట్టుకుని వాకిట్లో నిలబడేదాన్ని. బొమ్మ కుదరగానే ఊపాలి, అది తిప్పడం ఆపాలి. ఆరోజు అది అంటెనా కర్రను తిప్పుతూనే ఉంది. నేను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. మొదటి చానెల్ శుభ్రంగా వస్తోంది, రెండోది లేదు. గుడ్డ ఊపే అవసరమే రాలేదు.

తర్వాతి ఆదివారమూ అంతే, ఆపై ఆదివారమూ అంతే. నేను విసుగుతో కావాలనే గుడ్డ ఊపడం లేదని దానికి అనుమానం వచ్చింది. కిందికి దిగి నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, తెరలో చుక్కలు చూసి, మళ్ళీ మిద్దెక్కింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున కూడా ముట్టలేదు. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ మాత్రం, “పోయి అడిగి రావే, దాన్ని గూడ తోలుకపో” అంది.

ఇద్దరం బస్సెక్కి వనపర్తి పోయాం. రిలే కేంద్రంలో ఒకాయన కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. గట్టిగా అడగాలనే పోయాను.

“సారూ, రెండో చానెల్ వస్తలేదు. మా అంటెనా ఖరాబైందా?”

“అంటెనా మంచిగనే ఉంటదమ్మా. మేమే బంద్ జేసినం. పైకెల్లి ఆర్డర్ వచ్చింది.”

“ఎందుకు బంద్ జేసిన్రు?”

“బొమ్మ గాలిల వచ్చెతందుకు ఒక తొవ్వ ఉంటది. గా తొవ్వ సర్కారుకు వేరే పనికి గావాల్నంట. ఖాళీ జేయమన్నరు.”

“ఎవలికి ఇస్తరంట?”

“ఫోన్లకు ఇస్తరంటున్నరు. మంచిదే గదమ్మా, రేపు మీ కాలనీల కూసొని ఎవలతోనన్న మాట్లాడొచ్చు.”

నేను చెల్లెను ముందుకు జరిపాను. “దీనికి పుట్టినకాడికెల్లి చెవులు వినరావు. ఇది ఫోన్ల ఎవలతోని మాట్లాడాలె సారూ?”

ఆయన దాన్ని ఒకసారి చూసి తల దించుకున్నాడు. మిద్దె మీద చత్రి, అదే డిష్షు, పెట్టుకుంటే వస్తుందేమో అన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. చత్రి ఆ తర్వాత చాలా ఏళ్ళకు గానీ మా కాలనీకి రాలేదు. పోట్లాడదామంటే ఆయన చేతిలో ఏమీ లేదు. చెల్లె మాత్రం మెడ వెనక్కి వాల్చి టవరునే చూస్తోంది. బస్సులో వస్తున్నంతసేపూ నా మోచేయి తడుతూ అదే అడిగింది, టవరు నిలబడే ఉంది కదా, మరి ఆవిడ ఎందుకు రాదు అని. ఇంటికి పోయాక చెప్తానన్నాను. ఎలా చెప్పాలో నాకు తెలియదు. నా ప్రాణం అప్పటికే అలిసిపోయింది.

ఇంటికి వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాను. ముందు స్టీరింగు తిప్పాను. ఆకాశం చూపించాను, టీవీ చూపించాను. గాలిలోంచి ఏదో గుప్పిట పట్టి తీసుకుని అవతలికి ఇచ్చినట్టు చేశాను. పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని ఫోనులో మాట్లాడినట్టు పెదాలు కదిపాను. చెల్లె తన చెవిని తాకి, వినపడేవాళ్ళకా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. అవునన్నట్టు తల ఊపాను. అంతకన్నా చేదు పని నేను బతుకులో ఇంకోటి చేయలేదు.

అది కాసేపు టీవీ వైపు చూసింది. తర్వాత మెల్లగా స్టీరింగు తిప్పింది. అరచేయి బోర్లించి నడుము దగ్గరి నుంచి గడ్డం దాకా లేపి, అక్కడే ఆపింది.

అప్పుడే అమ్మ పొలం నుంచి వచ్చింది. వనపర్తిలో మేం ఏం తెలుసుకుని వచ్చామో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆమె చూసింది చెల్లె చేతులను ఒక్కటే. నెత్తి మీది గంప దించడం కూడా మరిచిపోయి గడపలోనే నిలబడింది.

“మల్లానా?” అంది నాతో. “ఈపారి ఏడికి పోవాల్నంట?”