చూడని చెట్టుకు రాసిన లెక్క

టెక్కలిలో నేను టైపు నేర్పే రోజులవి. కుర్రకారంతా కంప్యూటర్ల వైపు వెళ్లిపోతుంటే మా ఇన్‌స్టిట్యూట్‌లో సగం మిషన్లకు ఎప్పుడూ గుడ్డ కప్పే ఉండేది. నాకు ముప్పై దగ్గర పడుతోంది. ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగానే చెప్పులెక్కడ విడిచానా అని గుమ్మం వైపు చూసేదాన్ని.

అలాంటప్పుడు కాలేజీలో జువాలజీ చెప్పే మాస్టారొకాయన ఒక ఫారం టైపు చేయించుకోవడానికి వచ్చారు. నౌపడ వైపు ఒక ఊళ్లో, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద, ఏటా చలికాలానికి సంచిముక్కు గూడబాతులు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. పదిహేను రోజులకోసారి వెళ్లి, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయో, ఎన్నింట్లో పిల్లలున్నాయో రాసుకొచ్చే మనుషులు అటవీ శాఖ వాళ్లకు కావాలట. జీతం ఉండదు. టైపు కొడుతూనే నేను వెళతానన్నాను. పక్షుల మీద ప్రేమతో కాదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఉండక్కర్లేదని.

నాకు మూడు చెట్లు అప్పగించారు. మూడోది ఒక ముసలామె పెరట్లో ఉంది. రెట్టలు పడి చెట్టు కింద నేలంతా సున్నం జల్లినట్టుండేది. చేపల కంపు. ఆమె అక్కడ బట్టలారేయడం ఎప్పుడో మానేసింది కానీ, పక్షుల్ని ఒక్క మాట అననిచ్చేది కాదు. అవి వచ్చిన ఏడే పంట నిలుస్తుందని ఆ ఊరి నమ్మకం. నేను మెడ వెనక్కి వంచి లెక్కపెడుతుంటే నా పక్కనే పీట వేసుకుని కూర్చునేది.

రెండో ఏడు డిసెంబరు మొదట్లో వాయుగుండం పట్టింది. శుక్రవారమంతా ఈదురుగాలి. ఆదివారానికి వాన తగ్గింది. లెక్కకు వెళ్లాల్సిన రోజు. బస్ కాంప్లెక్సులో గంటసేపు నిలబడ్డాను. నౌపడ బస్సు రాలేదు. పలాస బస్సు వచ్చింది. పలాసలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో చేరనా వద్దా అని నెలరోజులుగా ఊగుతున్నాను. చూసొద్దామని ఎక్కేశాను. అక్కడ కరెంటు లేదు. తెర వెలగని కంప్యూటర్ ముందు అరగంట కూర్చుని తిరిగొచ్చాను.

సాయంత్రం ఫారం ముందు పెట్టుకున్నాను. ముసలామె చెట్టుకు కిందటిసారి ముప్పై ఒక్క గూళ్లు. ముప్పై రెండు అని రాశాను. ఒకటి ఎక్కువ వేస్తే నిజంగా వెళ్లినట్టుంటుందని. మర్నాడే మాస్టారికి ఇచ్చేశాను.

పదిహేను రోజుల తర్వాత వెళితే, ఊళ్లో కొన్ని చెట్ల కింద రాటలు పాతి నైలాను వల కట్టి ఉంది. గాలికి పిల్లలు పడిపోయిన చెట్లకు అటవీ శాఖ వాళ్లు కట్టించారట. ముసలామె చెట్టుకు వల లేదు. దక్షిణం వైపు పెద్దకొమ్మే లేదు. పెరట్లో గంప బోర్లించి ఉంది.

"ఆ శుక్రారం గాలికి ఇరిగిపోనాది తల్లీ" అందామె. "దాని మీద గూళ్లన్నీ కిందకొచ్చీసినాయి. సచ్చినవి సచ్చిపోనాయి. ఈ రెండూ మిగిలినాయి."

గంప ఎత్తి చూపింది. ఇంకా ఈకలు సరిగా రాని రెండు పిల్లలు నోళ్లు తెరిచాయి. ఆమె కొడుకు రోజూ చిన్నచేపలు తెచ్చి పెడుతున్నాడట.

"మా సెట్టుకీ వల కట్టండిరా అంటే, ఇక్కడేటీ పడనేదని కాయితంలో ఉందంటన్నారు. ఏ కాయితం తల్లీ అది?"

"తెలీదు మామ్మా" అన్నాను.

ఆ వారమంతా నా చేతులు నా మాట వినలేదు. కళ్లు మూసుకుని కొట్టగలిగిన మాటల్లో తప్పులు దొర్లాయి. అన్నం ముందు నుంచి లేచి వీధిలోకి వెళ్లి, ఎందుకు వచ్చానో తెలియక మళ్లీ లోపలికి వచ్చేదాన్ని. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. నా వంతు వచ్చేసరికి పాటల పుస్తకం బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాను. అక్కణ్ణుంచే తిన్నగా మాస్టారింటికి వెళ్లాను.

"ఆ ఆదివారం నేను వెళ్లలేదు సార్. ఇంట్లో కూర్చుని రాశాను."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "మిగతా ఆదివారాలవి?"

"మిగతావన్నీ చూసి రాసినవే."

"నువ్వు చెబితే నేను నమ్ముతానమ్మా. అటవీ శాఖ వాళ్లు నమ్మాలి గదా."

కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. జరిగింది జరిగినట్టు ఉత్తరం రాయమన్నారు. నా మిషను మీదే కొట్టి, సంతకం పెట్టి, ఆయన వెంట అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లాను. ఆ ఏడు నేను రాసిన కాగితాలన్నీ, నిజమైనవి కూడా, లెక్కలోంచి తీసి పక్కన పెట్టారు. వల మాత్రం కట్టిస్తామన్నారు. అది వచ్చేసరికి జనవరి సగమైంది. గంపలోని పిల్లల్లో ఒకటి అప్పటికే పోయింది.

వల కట్టిన రోజు ముసలామెతో చెప్పాను, ఆ కాగితం నాదేనని.

"నువ్వొచ్చినా ఆ కొమ్మ ఇరిగీదే" అంది. మళ్లీ తనే, "వచ్చుంటే మాత్రం సూసీదానివి" అంది. ఆ రోజు నా పక్కన పీట వేసుకోలేదు. ఒక్కదాన్నే లెక్కపెట్టుకుని వచ్చేశాను.

తర్వాత మాస్టారు నన్ను మానేయమనలేదు. నేనూ మానలేదు. కంప్యూటర్ సెంటర్‌లో చేరాను కానీ, లెక్క ఉన్న ఆదివారాలు మాత్రం పలాస బస్సెక్కలేదు. వాన పడి వెళ్లలేకపోతే గడిలో "చూడలేదు" అని రాసిచ్చేదాన్ని.

ఆ ఏడు మార్చి చివర ఆఖరి లెక్క. ముసలామె చెట్టు మీద ఎదిగిన పిల్లలు రెక్కలు కొడుతూ కొమ్మ మీంచి కొమ్మకు గెంతుతున్నాయి. ఒకసారి లెక్కపెడితే పదిహేడు వచ్చాయి. మళ్లీ పెడితే పందొమ్మిది. మూడోసారి పద్దెనిమిది. ఏది నిజమో తేల్చుకోలేక మూడూ రాశాను. బస్సు టైమైపోతోంది. సంచీ భుజాన వేసుకుని సందు చివరిదాకా వెళ్లి, మనసొప్పక, నాలుగోసారి లెక్కపెట్టడానికి వెనక్కి వచ్చాను.